ఆదివారం తోటకూర

"ఒక్క అగ్గిపుల్ల. గీకి వత్తికి పెట్టు, అయిపోతది. గింత దానికి గింత లొల్లా?" అని మా ఆయన వీరేశం మూడోసారి అన్నాడు. "నువ్వే పెట్టు" అని నేనూ మూడోసారి అన్నాను.

వంటింట్లో గుసగుసలతో కొట్లాడుకుంటున్నాం. పక్క గదిలో మంచం మీద మా అత్త జంగమ్మ ఉంది. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగి మూడు వారాలైంది. చెవులకు మాత్రం ఏమీ కాలేదు.

"నాకు రాదు" అన్నాడు.

"సిగరెట్టు ముట్టించుడు వచ్చు గదా."

"ఇంట్ల దీపం ఆడోళ్లే పెట్టాలె. ఇన్నొద్దులు అమ్మ పెట్టింది, ఇప్పుడు నువ్వు పెట్టాలె. మీ ఏసయ్య ఏమన్న అలుగుతడా? జర మెల్లగ మాట్లాడు, అమ్మ ఇంటది."

"మెల్లగనే మాట్లాడుతున్న. పదకొండేండ్ల సంది మెల్లగనే మాట్లాడుతున్న."

అతను చొక్కా తొడుక్కుని తన మోటర్ వైండింగ్ షాపుకు బయలుదేరాడు. గడప దాటుతూ, "శుక్రారం పూట దీపం లేని ఇల్లు. పాపం ఎవరి నెత్తి మీదనో" అన్నాడు. ఎవరి నెత్తి మీదనో అన్నాడు గానీ నా వైపే చూశాడు.

దీపమైతే సిద్ధంగానే ఉంది. ఆ ఇత్తడి దీపాన్ని చింతపండు పెట్టి తోమింది నేనే. దూది వత్తి చేసింది, నూనె పోసింది, మల్లన్న పటం తుడిచింది నేనే. పెళ్లయిన ఇరవై రెండేళ్లుగా ప్రతి గురువారం ఆ దేవుడి గూడు కడుగుతున్నాను. ఏసయ్యను నమ్ముకున్నాక కూడా మానలేదు. అంట్లు తోమినట్టే తోమాను, నాకేమీ అనిపించలేదు. అత్త నడిచే రోజుల్లో ముట్టించడం ఆమె వంతుగా ఉండేది. ఇప్పుడు ఆ ఒక్కటీ నా మీద పడింది. తోమడం పని, వత్తి చేయడం పని. ముట్టించి చేతులు జోడిస్తే అది మాట ఇచ్చినట్టు. పని ఎవరికైనా చేస్తాను, మునగాల అంగన్‌వాడీలో ఊరి పిల్లలందరి ముక్కులూ తుడుస్తాను. మాట ఒక్కరికే ఇచ్చాను. ఇదంతా వీరేశానికి చెప్పినా అర్థం కాదు. ఈ ఇంట్లో నేను చేసేది పని అని అతను ఏనాడూ అనుకోలేదు. అత్త పడినప్పటి నుంచి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. అతని షాపు షట్టరు ఒక్క పూట కూడా దిగలేదు.

పదకొండేళ్ల కింద రెండో కాన్పులో నా బిడ్డ కడుపులోనే పోయింది. దవాఖానకు నన్ను చూడవచ్చిన ప్రతివాళ్లూ ఏదో ఒకటి అడిగారు. ఏం తిన్నవ్, ఎవరింటికి పోయినవ్, ఏం మొక్కు మరిచిపోయినవ్. కోదాడ నుంచి వచ్చిన మా ఆడబిడ్డ అండాలు, "రోజూ బస్సులల్ల ఊగుకుంట పోతే నిలుస్తదా?" అంది. వీరేశం గోడకు ఆనుకుని అందరి మాటలకూ తల ఊపాడు. అక్కడ ఆయాగా పనిచేసే ఏసమ్మ ఒక్కతే, పాలు వచ్చి గడ్డకట్టి సలుపుతున్న నా రొమ్ములకు తడిగుడ్డ పెట్టి, "బాగ నొస్తుందా బిడ్డా?" అని అడిగింది. ఆమె నాకేమీ బోధించలేదు. మూడో రోజు నేనే అడిగాను, గుడ్డ పిండుతూ రోజూ గొణుక్కుంటావే, ఎవరితోని అని.

అట్లా మొదలైంది. వీరేశానికి చెబితే, "నాకేం తెల్వదు. అమ్మకు మాత్రం తెల్వనియ్యకు" అన్నాడు. ఆ మాటను అప్పుడు మంచితనం అనుకున్నాను. ఆ తర్వాతి ఆదివారం నుంచి తొమ్మిదింటికల్లా కూరగాయల సంచి పట్టుకుని బయలుదేరడం అలవాటైంది. సంచి అడుగున పేపర్లో చుట్టిన నల్ల అట్ట గ్రంథం. మార్కెట్ వెనక సందులో మా చిన్న మందిరం. ఆరాధన ముగిసేసరికి పన్నెండు దాటుతుంది. అప్పటికి లేత సరుకంతా అయిపోయి, గంపల అడుగున మిగిలిందే మిగులుతుంది. గ్రంథం మీద వాడిన తోటకూర, ముదిరిన బెండకాయలు కప్పుకుని ఇంటికి వస్తాను. అత్త కట్ట విప్పుతూ, "మూడు గంటలు తిరిగి గిదా తెచ్చింది?" అంటుంది. ఆ మాట పడితే గానీ నా ఆదివారం ఆరాధన పూర్తయినట్టు ఉండదు.

ఈమధ్య మందిరంలో కూడా ఊపిరాడటం లేదు. పోయిన ఆదివారం సంఘ పెద్ద ఏసుపాదం అన్న అందరి ముందూ అన్నాడు. "సరోజనక్కా, గిది దేవుడిచ్చిన సమయం. ముసలామె మంచంల ఉన్నది, ఎటూ పోలేదు. పదిమందిమి వచ్చి ప్రార్థన చేస్తం. ఒప్పుకుంటే బాప్తిస్మం. ఒప్పుకోకుంటే కాళ్ల ధూళి దులుపుకొని వస్తం, ఇగ ఆమె లెక్క ఆమెది."

వెనక నుంచి ఎవరో, "నిన్ను గంత ఏడిపిచ్చింది గదా, అందుకే దేవుడు తుంటి ఇరగ్గొట్టిండు" అన్నారు. ఒకరిద్దరు ఆమేన్ అన్నారు కూడా. ఏసయ్యను ఊళ్లోకి రానివ్వని వాళ్ల మీద నిప్పు కురిపిద్దామా అని శిష్యులు అడిగితే, ఆయన ఆ శిష్యులనే గద్దించి ఇంకో ఊరికి నడిచి వెళ్లాడని మాకు చదివి చెప్పింది ఈ ఏసుపాదం అన్నే. వాళ్లు ధూళి దులుపుకుని వెళ్లిపోతారు సరే, ఆ తర్వాత ఆమె కాళ్లు కడగాల్సింది నేను గదా. అన్నిటికన్నా "ఎటూ పోలేదు" అన్న మాట నన్ను పట్టుకుంది. కదలలేని ఆడదాని మంచం చుట్టూ పదిమంది నిలబడి తలా ఒకటి అనడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

ఆ శుక్రవారం దీపం గొడవ అయ్యాక, వేడినీళ్ల బకెట్టు పట్టుకుని అత్త దగ్గరికి వెళ్లాను. ఆమెను మెల్లగా ఒక పక్కకు తిప్పి వీపు తుడుస్తుంటే, గోడ వైపు చూస్తూ అంది.

"సరోజనా, నాకు సోయి తప్పినప్పుడు మీ పాస్టర్ను తీస్కొచ్చి నా మీద నీళ్లు సల్లిస్తవా?"

"నీకెట్ల తెల్సు అత్తమ్మా?"

"పదకొండేండ్ల సంది ఆదివారం తోటకూర వాడిపోయే వస్తుంది. తొమ్మిదింటికి పోయినోళ్లకు గసొంటి కూర దొర్కుతదా? మొదట్ల ఎవడన్న ఉన్నడేమో అనుకున్న. ఓనాడు పాలామెను నీ ఎన్క తోలిన. ఏసోళ్ల గుడికి పోయిందని చెప్పింది. హమ్మయ్య, గంతేనా అనుకున్న."

"మరి ఇన్నేండ్లు ఎందుకు అడగలే?"

"అడిగితే లొల్లి. లొల్లి అయితే నువ్వు మిర్యాలగూడ మీ అమ్మగారింటికి పోతవ్. నాకు బువ్వ ఎవరు పెడతరు, నా కొడుకా?" అని నవ్వబోయి నొప్పికి మూలిగింది. తర్వాత గొంతు మార్చి అంది. "నీ దేవుడు నాకొద్దు బిడ్డా. మంచోడే కావచ్చు. నాకు మల్లన్న ఉన్నడు, మల్లన్నా అనుకుంటనే పోత. నా మీద ఎవ్వరితోని నీళ్లు సల్లనియ్యకు. ఒట్టెయ్యి."

"మేం ఒట్లు పెట్టుకోం అత్తమ్మా. సల్లనియ్యనంటే సల్లనియ్యను."

ఆమె కష్టంగా తల తిప్పి నా ముఖంలోకి చూసింది. "ఒట్టు లేకుంటే ఎట్ల నమ్మాలె?" అంది. తర్వాత తనే, "సరే, రెండో పక్కకు తిప్పు" అంది.

ఆమె బట్టలు ఉతుకుతూ చాలాసేపు ఏడ్చాను. ఆమె ఏసయ్య దగ్గరికి రావాలని నాకు లేదా? ఉంది. రోజూ ఆమె కాళ్లకు నూనె రాస్తూ, లోలోపల ఆమె పేరే ఆయనకు చెప్పుకుంటాను. ఇకముందూ చెప్పుకుంటాను. ఆ మాత్రం చేయకుండా ఎవరూ నన్ను ఆపలేరు, ఆమె కూడా. కానీ ఆమె వద్దంది. ఈ ఇంట్లో వద్దు అన్న మాటకు ఏ గతి పడుతుందో నాకన్నా ఎవరికి తెలుసు? రెండో కాన్పు వద్దన్నాను, ఒంట్లో రక్తం లేదన్నాను. వీరేశం నవ్వి లైటు ఆర్పేశాడు. అండాలు వదిన కూతురి పెళ్లిలో జ్వరంతో వంట నావల్ల కాదన్నాను. గరిటె చేతికిచ్చి, "నీ చెయ్యి పడితేనే రుచి" అన్నారు. నేను నమ్ముకున్నవాడు తలుపు తట్టి బయట నిలబడేవాడు. గొళ్లెం విరగ్గొట్టి లోపలికి వచ్చేవాళ్లను నేను వేరే చోట చూశాను. ఆయన పేరు చెప్పి ఒక ముసలామె వద్దును తొక్కేస్తే, ఇంక ఆయనకూ వాళ్లకూ తేడా ఎక్కడుంటుంది?

చేతులు తుడుచుకుని ఏసమ్మకు ఫోన్ చేశాను. ఎవరూ మా ఇంటికి ప్రార్థనకు రావద్దని ఏసుపాదం అన్నకు చెప్పమన్నాను.

"నీకు ఆత్మల భారం లేదంటరు బిడ్డా" అంది.

"అననియ్యి పిన్నమ్మా."

ఏసమ్మ అంది. "నేను ఆనాడు దవాఖానల నిన్ను ఏమన్న అడిగిన్నా, నొస్తుందా అని తప్ప? నేను చెప్త తియ్యి."

శనివారం సాయంత్రం అండాలు వదిన కోదాడ నుంచి వచ్చింది. అక్కడ ఆమె ఇంట్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి వందన కూడా వెంట వచ్చింది. ఉల్లిగడ్డల కోసం వదిన గోడకు తగిలించిన సంచి తీసి నేల మీద బోర్లించింది. పొట్టుతో పాటు నల్ల అట్ట గ్రంథం దబ్బున పడింది.

"ఏంటే ఇది?" అంది. తర్వాత ఆమె గొంతు వీధి దాకా వెళ్లింది. "అమ్మ తుంటి ఎందుకిరిగిందా అనుకుంటున్నా. ఇంట్లనే పెట్టుకున్నరు గదరా శనిని! తమ్మీ, నీకు తెలుసా?"

వీరేశం నేల చూశాడు. "నాకేం తెల్వదక్కా" అన్నాడు.

పదకొండేళ్ల కింద విన్న మాటే. దాని అర్థం ఇప్పటికి తెలిసింది.

వదిన తీర్పు చెప్పేసింది. సోమవారం అందరం మల్లన్న గుడికి పోవాలి. నేను చేతిలో కర్పూరం పట్టుకుని, తప్పయింది, ఏసును వదిలేశాను అని అందరి ముందూ చెప్పాలి. చెప్పకపోతే అత్తను నా చేతి నీళ్లు ముట్టనివ్వదు.

"అయితే అమ్మను నువ్వు తీస్కపోతవా అక్కా?" అని వీరేశం ఆశగా అడిగాడు.

"మాది రెండో అంతస్తు తమ్మీ, లిఫ్టు లేదు. మీ బావకు బీపీ" అంది.

అన్నం వండుతుంటే వీరేశం వంటింట్లోకి వచ్చి మళ్లీ గుసగుస మొదలుపెట్టాడు. "ఒక్కమాట అనెయ్యి. నోటితోనే గదా. మనసుల ఏమున్నదో ఎవడొచ్చి సూస్తడు?"

నేను గంజి వారుస్తున్నాను. ఇన్నేళ్లూ మనసులోనే దాచాను గదా, అందుకే ఇప్పుడు నా నోరు అడగడం అతనికి ఇంత తేలికైంది. ఒక్కసారిగా కోపం తన్నుకొచ్చింది. మూడు వారాల్లో తల్లిని చూడటానికి ఇదే మొదటిసారి వచ్చిన వదినను నాలుగు మాటలు అనొచ్చు. నాకేం తెల్వదన్న వాడిని పది అనొచ్చు. నిప్పు నా నాలుక మీదే ఉంది. గంజి గిన్నె కింద పెట్టి, అది చల్లారేదాకా అక్కడే నిలబడ్డాను.

అందరూ అత్త మంచం చుట్టూ కూర్చుని తింటున్నారు. నేల మీద పడి ఉన్న గ్రంథాన్ని వందన ఎప్పుడు తీసిందో తెలియదు. చున్నీతో పొట్టు తుడిచి ఒళ్లో పెట్టుకుంది. అందరికీ పప్పు వడ్డించాక నేనూ కూర్చున్నాను.

"వదినా, జర ఇను. వందనోళ్ల నాయినా, నువ్వు కూడ." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. గట్టిగా ఏమీ లేదు, గుసగుస కాదంతే.

"నేను సోమారం రాను. ఏసయ్యను ఇడ్శిపెట్టిన అని నోటితోని కూడ అనను. అత్తమ్మకు ఏసయ్య వద్దు, గది అత్తమ్మ ఇష్టం. మా మందిరపోళ్లు ఎవ్వరు ఈమె మంచం కాడికి రారు, నేనే వద్దన్న. అత్తమ్మకు నీళ్లు పోసుడు, కాళ్లు పిసుకుడు ఇన్నొద్దులు ఎట్ల చేసిన్నో గట్లనే చేస్త. దీపం మాత్రం ముట్టియ్య. కొడుకున్నడు, ముట్టిస్తడు. వత్తి ఎట్ల చెయ్యాల్నో అత్తమ్మ నేర్పుతది."

"ఇంటున్నవా అమ్మా, దీని మాటలు?" అంది అండాలు వదిన.

"తుంటి ఇరిగింది గని సెవులు మంచిగనే ఉన్నయ్" అంది అత్త. "ఈమె సేతి నీళ్లు వద్దంటివి గదా. రేపు పొద్దుగాల బకెట్టు పట్టు. నా పెయ్యి నువ్వు కడుగు, సూస్త."

వదిన పప్పులోని చింతపండు పీచు ఏరుకోవడంలో పడింది. వీరేశం మా ముగ్గురి వైపూ మార్చి మార్చి చూసి, "మరి రేపు ఆదివారం" అని సగంలో ఆగిపోయాడు.

"రేపు తొమ్మిదింటికి ప్రార్థనకు పోతున్న" అన్నాను. "కూరగాయలు పొద్దుగాల నువ్వు తే, లేత తోటకూర దొర్కుతది. నేను సంచి తీస్కపోను."