ముంగడ పాలు

పద్మనాభ మంచి మొగుడు. ఆ మాట నాగక్క ఎవరి దగ్గరైనా ఒప్పుకుంటుంది. పేకాడడు, చుట్ట తాగడు, అత్తగారింటికి పోతే పెట్టింది తిని లేస్తాడు. దేవుడిచ్చిన రెండు చెవులనూ తను పనిచేసే తాలూకా కచేరీకి రాసిచ్చేశాడు, ఆమె ఫిర్యాదల్లా అదొక్కటే.

బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసినప్పటి నుంచి కచేరీ కాగితాలు మెల్లమెల్లగా కన్నడంలోకి తిరుగుతున్నాయి. సంతలో బేరమాడే కన్నడం పద్మనాభకు చిన్ననాడే వచ్చు. ఇప్పుడు కాగితాల కన్నడం నేర్చి, ఇంట్లో ఉప్పు అడిగినా అర్జీ పెట్టుకున్నట్టే అడుగుతున్నాడు.

వాళ్ళ ఆడబిడ్డ పాపికి రెండో ఏడు. తల్లిపాలు మానింది, అన్నం ముట్టదు. పాలే దాని ప్రాణం. పాత పాలామె పాడి ఎనుములను అమ్ముకుని కూతురి ఊరికి పోవడంతో, కనకప్ప అనే కొత్త పాలాయన వాకిట్లోకి వచ్చాడు. నాగక్క చేతులు జొన్నపిండిలో ఉన్నాయి. వంటింట్లోంచే కేకేసింది.

"ముంగట అయితేనే ఒప్పుకోండి!"

ఎనుమును తోలుకొచ్చి మన కళ్ళ ముంగట పిండాలని ఆమె అర్థం. పద్మనాభ కచేరీ చెవికి అది 'ముంగడ' అని వినపడింది. కన్నడంలో ముంగడ అంటే ముందుగా ఇచ్చే డబ్బు. పెళ్ళానికి కూడా కచేరీ మాటలు అబ్బాయని మురిసిపోయి, రెండు నెలల పాల డబ్బు అక్కడికక్కడే కనకప్ప చేతిలో పెట్టాడు.

మరునాడు నాగక్క చెంబు కడుక్కుని వాకిట్లో నిలబడింది. సైకిలు వచ్చింది. హ్యాండిలుకు ఒక డబ్బా వేలాడుతోంది.

"ఎనుము యాడప్పా?"

"ఎనుము ఊర్లో ఉండాది తాయీ. పాలు ఈడుండాయి."

కనకప్ప డబ్బా మూతికి కుక్కిన తువ్వాలు లాగి, దాంతో మెడ మీది చెమట తుడుచుకుని, పాలు పోసి, మళ్ళీ దాన్నే కుక్కాడు. చెంబులోకి తొంగి చూసిన నాగక్క ఆ పూట అన్నం తినలేకపోయింది. నీలంగా ఉన్నాయి పాలు. కిరసనాయిలు వాసన. పైన ఒక వెంట్రుక, ఎనుముదో, కనకప్పదో.

"నువ్వే కదే ముంగడ అంటివి!" అన్నాడు పద్మనాభ. సంగతి తెలిశాక కూడా తగ్గలేదు. "ముందు డబ్బులిచ్చినోళ్ళకు మర్యాద ఉంటాది. వాని మనసులో మనమే మొదలు."

"మనసులో మొదలేమో. డబ్బాలో మాత్రం అడుగు."

నిజమే. పక్కింటి హుసేనమ్మ కూడా, వీళ్ళకంటే ముందు తెల్లవారుజామునే, కనకప్ప పాలే పోయించుకుంటుంది. నెల తిరిగాక డబ్బులిస్తుంది. ఆమె గిన్నెలో వేలు ముంచితే తెల్లగా అంటుకుంటుంది. "బాగలేకపోతే రేపటి నుంచి రావద్దంటాను. నువ్వేమంటావమ్మా, ఇచ్చేసినాక?" అంది హుసేనమ్మ.

పాపి తాగినవన్నీ కక్కుతోంది. దాని మెడ దగ్గర పులిసిన కంపు స్నానం చేయించినా పోవడం లేదు. పక్కటెముకలు వేలికి తగులుతున్నాయి. నాగక్క పాలు మానిపిద్దామంటే, "పండ్లు వస్తాండాయిలే దానికి. రెండు నెలల డబ్బు నీళ్ళలో పోసుకుంటామా?" అన్నాడు పద్మనాభ.

"ఆ పని కనకప్ప చేస్తానే ఉన్నాడు," అంది నాగక్క.

పంతానికి తను ఆ పాలతోనే కాఫీ కాయించుకుని తాగాడు. ముక్కు బిగబట్టుకునే తాగాడు గానీ, బాగుందన్నాడు. నాగక్క గ్లాసు ఇంకొంచెం నింపింది.

ఆదివారం పొద్దున పాపి కళ్ళు తేలేసింది. దాన్ని ఒడిలో వేసుకుని, "ఆస్పత్రికి పోవల్ల, జట్కా పిల్చకరాండి," అంది నాగక్క. కనకప్ప సైకిలు రోజూ ఆ వేళకు జట్కాల అడ్డా దగ్గర ఎందుకు ఆగుతుందో హుసేనమ్మ ఆమెకు ముందురోజే చెప్పింది. ఆ సంగతి మాత్రం నాగక్క మొగుడికి చెప్పలేదు.

పద్మనాభ జట్కాతోనే వచ్చాడు. దిగీ దిగగానే గోడ పట్టుకుని భళ్ళున కక్కాడు.

"గుర్రాలు తాగే తొట్టి," అన్నాడు మూతి తుడుచుకుంటూ. "గుర్రం మూతి తీయకముందే కనకప్ప పాలడబ్బా ముంచినాడే! నురుగుతో సహా!"

వెనకే సైకిలు గంట మోగింది. కనకప్ప నవ్వుతూ దిగాడు. "ఏనప్పా, ఒంట్లో బాగలేదా? పాలు తాగల్లప్పా, పాలు!"

పద్మనాభ డబ్బా లాక్కుని మోరీలో కుమ్మరించాడు. మోరీ నీళ్ళ రంగు పెద్దగా మారలేదు.

"ముంగడ తీస్కొన్నా కదప్పా, ఒక్క పొద్దన్నా తప్పినానా?" అని కనకప్ప నొచ్చుకున్నాడు.

"పో! ఆ డబ్బు నువ్వే తిను. ఈ వాకిలి తొక్కద్దు!"

నాగక్క పాపిని ఎత్తుకుని జట్కా ఎక్కింది. పద్మనాభ చక్రం పక్కనే నిలబడి, బిడ్డ అరికాలు పట్టుకున్నాడు.

"తప్పు నాదే," అని గొణిగాడు.

"హుసేనమ్మకు వినపడినట్టు లేదు."

హుసేనమ్మ గుమ్మంలోనే ఉంది. ఎదురింటివాళ్ళూ ఉన్నారు. పద్మనాభ తలెత్తాడు.

"తప్పు నాదేనే! నువ్వు చెప్పింది వినక ఇచ్చినా. ఇచ్చినాను కదాని బిడ్డకు ఆ కంపు తాపిచ్చినా. నాదే తప్పు!"