శనక్కట్టె కింద నీళ్లు

మలేరియా శాఖ వాళ్లు వచ్చి, దోమలు పుడతాయని రామక్క వాకిట్లో డ్రమ్ము నీళ్లు పారబోసి పోయారు. ఆమె గడపలో కూర్చుని చూస్తూ ఉండిపోయింది. కీళ్ల జ్వరం వచ్చి తగ్గినా అడ్డుపడే ఓపిక రాలేదు. లోపల కూతురు ఈశ్వరి అదే జ్వరంతో మూలుగుతోంది. ఇంట్లో మిగిలింది బిందె అడుగున నీళ్లే.

రెండు వేల ఆరులో గార్లదిన్నె పక్కన ఆ ఊళ్లో జ్వరం తొక్కని గడప లేదు. ఊరికి నీళ్లివ్వాలని సర్కారు తోట ఆసామి జయరాముడి బోరు అద్దెకు తీసుకుంది. అయినా ఆ నీళ్ల ట్యాంకరు ఊరికి వారానికోసారి, బోరు నీళ్లు ఆయన చీనీ తోటకు, ఆ బత్తాయి చెట్లకు, రోజూ. నిలవ పెట్టుకోకపోతే గొంతు ఎండుతుంది, పెట్టుకుంటే దోమ పుడుతుంది. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటారు గానీ, ఇక్కడ నుయ్యి కూడా ఎండిందే.

అందుకే ఊరు ఓ తెలివి చేసింది. మలేరియా వాళ్ల కంట పడకుండా డ్రమ్ములు కొట్టాల్లో పెట్టి, పైన పశువులకు వేసే వేరుశనగ మేత, శనక్కట్టె, కప్పేసింది. సొంత నీళ్లను దొంగసొత్తులా దాచుకోవలసిన బతుకు!

సాయంత్రం చెంబుడు నీళ్ల కోసం రామక్క పొరుగింటి పెద్దక్క కొట్టంలోకి పోయింది. కట్టె ఎత్తగానే దోమలు గుప్పున ముఖాన కొట్టాయి. నీళ్లలో పురుగులు లుకలుకలాడుతున్నాయి.

"పెద్దక్కా, నీళ్లు దాచినామా, దోమల్ని సాకినామా?"

కేకకు చుట్టుపక్కల వాళ్లంతా చేరారు.

"ఇవీ పారబోస్తే రేపు బిడ్డకేం తాపుతావే?" అంది పెద్దక్క.

"ఒగరు పారబోస్తే పోయే దోమ కాదక్కా. అందరం పారబోయల్ల. ఖాళీ డ్రమ్ములతో బోరు కాడికి పోవల్ల."

జయరాముడి తోటలో కూలికి పోయే మారెప్ప అడ్డుపడ్డాడు. "ఆయప్ప మళ్లా పనికి పిలుస్తాడా?"

"యా చేతుల్తో చేస్తావన్నా పని? పిడికిలి పట్టు, చూద్దాం."

మారెప్ప పట్టబోయాడు. వాచిన వేళ్లు సగంలోనే ఆగిపోయాయి.

తెల్లారి ఊరంతా డ్రమ్ములు ఒలకబోసింది. కరువు నేల మీద పుట్టినవాళ్లకు నీళ్లు పారబోయడమంటే పేగు తెంచుకున్నట్టే. ఏడ్చుకుంటూనే పోశారు.

బోరు దగ్గర జయరాముడు కసిరాడు. "ఎవరు పారబోయమన్నారు మిమ్మల్ని? శుక్రవారం వస్తాది ట్యాంకరు, పోండి!"

"దినామూ ఇడిస్తే దాచుకునే పనే ల్యాదు కదన్నా," అంది రామక్క, నీళ్ల గొట్టం ముందు చతికిలబడి. అందరూ కూర్చున్నారు.

ఆయన కబురు పెడితే పోలీసు జీపు వచ్చింది. లెమ్మని ఎస్సై గద్దించాడు. ఎవరూ కదల్లేదు. ఇద్దరు పోలీసులు రామక్కను ఎత్తి జీపులో పడేశారు. ఆమె చోటులోకి పెద్దక్క జరిగింది.

"పెద్దక్కా, మా ఈశ్వరిని ఈడికే ఎత్కరాండి!" రామక్క జీపులోంచి అరిచింది. "మోటరు ఏసేదాకా ఎవురూ ల్యాయొద్దండి!"

మొదట ఈశ్వరి మంచం వచ్చింది. వెనకాలే ఇంకో ఇంటి నుంచి ఇంకోటి. మధ్యాహ్నానికల్లా ఊళ్లో జ్వరంతో పడుకున్న వాళ్లందరి మంచాలూ బోరు చుట్టూ దిగాయి.