పదింటికి పాస్టరమ్మ భూస్థాపన

పాస్టరమ్మను రోజూ పొద్దున పదింటికి భూస్థాపన చేస్తారు. పదకొండింటికి ఆవిడే లేచి వంట చేసుకోవాలి.

ఇదంతా ఉతికిన బట్టల వల్ల వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లు సంఘం నడిపిన పాస్టరుగారికి రెండేళ్ల కిందట మతిమరుపు జబ్బు మొదలైంది. ముందు తాళాలు, తర్వాత ఇంటి దారి, ఆ తర్వాత భార్య మొహం, ఒక్కొక్కటీ చేజారిపోయాయి. ఒకరోజు ఆవిడ ఉతికిన బట్టలు మంచం మీద కుప్పపోసి, దుమ్ము పడకుండా తెల్ల దుప్పటి కప్పింది. ఆయన వచ్చి చూసి తల దించుకున్నారు. లోపలికెళ్లి కోటు తొడుక్కొచ్చి, తన భార్య ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందని ప్రకటించి భూస్థాపన ఆరాధన మొదలుపెట్టేశారు. పక్కనే నిలబడ్డ పాస్టరమ్మను సంఘంలో మనిషనుకుని కుర్చీ చూపించారు.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. బతికుండగానే పాతేస్తారా అని దుప్పటి లాగబోతే ఆయన వెక్కి వెక్కి ఏడ్చారు. ఇక చచ్చినట్టు కూర్చుంది.

కూర్చున్నాక ఒక సంగతి జరిగింది. ఊళ్లో పరమ పిసినారి పోయినా వాడిలో ఏదో ఒక గుణం వెతికి పొగిడిన నోరు ఆయనది. పెళ్లాన్ని మాత్రం పొరపాటున కూడా పొగిడిన పాపాన పోలేదు. అలాంటిది ఆ రోజు బట్టల కుప్ప మీద చెయ్యి వేసి, "నా భార్యలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఏమిటంటే..." అన్నారు. పాస్టరమ్మ కుర్చీ అంచుకు జరిగింది. ఆయన కిటికీ వైపు చూశారు, ముక్కు గోక్కున్నారు, ప్రార్థన చేద్దాం అన్నారు.

అప్పట్నుంచి మాసిన బట్టలు లేకపోయినా ఆవిడ ఉతుకుతోంది. రోజూ దుప్పటి కప్పుతుంది, రోజూ ఆయన అక్కడిదాకా వచ్చి ఆగిపోతారు. ఒక్కరోజైనా ఆ మాట పూర్తి చేయకపోతారా అని ఆవిడ ఆశ.

సంఘ పెద్ద ఒకసారి పండ్లు పట్టుకుని చూడ్డానికి వచ్చి ఇరుక్కుపోయాడు. అసలే నడుంనొప్పి మనిషి. పాస్టరుగారు మంచానికి ఓ కొస పట్టించి వరండాదాకా మోయించారు. సంఘ పెద్ద చెమట తుడుచుకుంటూ, విశ్వాసులు ఇలా కుంగిపోకూడదనీ, మొగుడు నిక్షేపంగా బతికుండగా ఏడుపు మొహం దేనికనీ పాస్టరమ్మకు బోధించాడు. ఆవిడ పండ్లు తీసుకుని మంచం చూపించింది. మళ్లీ లోపలికి మోయాలిగా.

సంఘ పెద్ద అన్న మాట మూడు రోజులు గుచ్చుకుంటూనే ఉంది. నాలుగో రోజు పాస్టరుగారు ఎప్పటిలాగే ఆగిపోయి, ఈసారి ప్రార్థనకు బదులు ఎవరైనా సాక్ష్యం చెబుతారా అని అడిగారు. గదిలో ఉన్నది ఒక్క మనిషి. పాస్టరమ్మ లేచింది. చనిపోయినావిడ గురించి చెప్పడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదు.

"మా ఆయన పోయారండి," అంది.

పాస్టరుగారు బైబిలు మూసి ఎదురుగా వచ్చి కూర్చున్నారు. "అయ్యో. మట్టి చేశారా అమ్మా?"

"లేదండి. ఇంకా ఇంట్లోనే తిరుగుతున్నారు."

ఆయన ఆశ్చర్యపోలేదు. "అలాంటివి మరీ కష్టం. మరి ఏడ్చారా?"

"ఏడవకూడదన్నారండి. బతికే ఉన్నారు కదా అని."

"ఎవరమ్మా అలా అన్నది?" సంఘాన్ని గడగడలాడించిన పాత గొంతు ఒక్కసారి లేచింది. "మనిషి పోతే ఏడవాలి. ప్రభువంతటివాడు స్నేహితుడి సమాధి దగ్గర ఏడ్చాడు. మీరు ఏడవండి, నేనిక్కడే కూర్చుంటాను."

పాస్టరమ్మ రెండేళ్ల ఏడుపూ ఏడ్చింది. దుప్పటి కింద చెయ్యి పెట్టి ఆయన చొక్కానే ఒకటి లాగి ముక్కు తుడుచుకుంది. శవం దగ్గర అలా చేసినందుకు ఆయన ఏమీ అనుకోలేదు.

ఆవిడ కాస్త తేరుకున్నాక ఆయన అడిగారు. "ఆయనలో మీకు అన్నిటికన్నా నచ్చింది ఏమిటమ్మా?"

పాస్టరమ్మ నోరు తెరిచింది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురం ఒక్కసారే వచ్చి అడ్డం పడింది. కిటికీ వైపు చూసింది.

ఆయన ఆవిడ చెయ్యి తట్టారు.

"ఫర్వాలేదమ్మా. నాకూ సరిగ్గా అక్కడే ఆగిపోతోంది. చెప్పడానికి లేక కాదు. రేపు పదింటికి రండి, ఇద్దరం మళ్లీ చూద్దాం."