నులకపల్లె మంచం

రమకు ఆ సంగతి తెలియకూడదు. తెలియకుండానే కొమురవ్వకు దండం పెట్టి బయటపడాలి. ఖానాపూర్ దాటగానే బండిని ఎడమకు తిప్పినప్పుడు కరుణాకర్ తలలో ఉన్నది అదొక్కటే.

"గిటెందుకు? మెట్‌పల్లి తొవ్వ అటు గదా!" వెనక నుంచి రమ అరిచింది.

"నులకపల్లెల మ్యూజియం ఉన్నదట. జర సూసి పోదాం."

"మ్యూజియమా! పెండ్లయినంక సినిమాకు తీస్కపోలే నువ్వు. బాసర పోయొస్తుంటే మ్యూజియం యాదికొచ్చిందా?"

కరుణాకర్ నవ్వేసి బండి వేగం పెంచాడు.

డ్రైవర్ వీసా అని గల్ఫ్ పోయాడతను. దిగిన రోజే పాస్‌పోర్టు గుంజుకుని ఎడారిలో ఒంటెల కొట్టం దగ్గర వదిలేశారు. రమతో మాత్రం కారు నడుపుతున్నాననే చెప్పాడు. యజమాని కారు పక్కన నిలబడి, నీళ్ల ట్యాంకర్ తెచ్చే మనిషి ఫోన్‌తో ఫొటో కూడా పంపాడు. చివరికి ఇక ఓర్చుకోలేక, మళ్లీ అదే ఫోన్ అడుక్కుని, గల్ఫ్ కార్మికుల గ్రూపులో తన గొంతు రికార్డు చేసి పెట్టాడు. ఆ గొంతు చేతులు మారి మారి నులకపల్లె కొమురవ్వ చెవిన పడింది. ముక్కూ మొహం తెలియని ఆ ముసలామె ఊరి ఆడవాళ్లను వెంటేసుకుని కలెక్టర్ ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. ఎంబసీలో ఫైలు కదిలేదాకా మళ్లీ మళ్లీ వెళ్లి కూర్చుంది. కరుణాకర్ తిరిగొచ్చాక ఆమెతో ఒక్కసారే ఫోన్‌లో మాట్లాడాడు. నా భార్యకు చెప్పకు అవ్వా, అని బతిమాలాడు. చెప్పనని ఆమె మాటిచ్చింది.

మొగుడు ఎడారిలో వెట్టి జీతగాడిలా బతికాడని తెలిస్తే రమ కళ్లలో తను ఏమైపోతాడు?

నులకపల్లె మ్యూజియం ఒక పెంకుటిల్లు. అరుగు మీద ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు. గుమ్మంలో పొట్టి ముసలామె. కరుణాకర్ చెప్పులు విడవబోయాడు.

"ఓ కొడుకా, ఇడువకు. ఏసుకొనే రా!"

ఆ గొంతు అతను ఫోన్‌లో విన్నదే. కొమురవ్వ!

"లోపల ఊడ్సినట్టున్నది గదవ్వా," అంది రమ.

"మల్ల ఊడుస్త తియ్యి బిడ్డా. మా అవ్వ దొర గడీ ముంగట నడిసినప్పుడల్లా చెప్పులు సంకల పెట్టుకున్నది. అందుకే గీ ఇంట్ల ఎవ్వలూ చెప్పులు ఇడువద్దు."

లోపల గోడకు దొర చేతికర్ర ఉంది. ఎదురు తిరిగినవాళ్ల కాళ్లు బిగించే కొయ్య ఉంది. దొర కోసం ధాన్యం దంచిన రోకళ్లు ఉన్నాయి. నడిమధ్యన ఒక నులక మంచం.

కొమురవ్వ చకచకా చెప్పుకుపోయింది. గడీలో వెట్టి చేసేవాళ్లకు కూలి లేదు, సెలవు లేదు. అన్నిటికన్నా పెద్ద బాధ, కూర్చునే హక్కు లేదు. ఒక వానాకాలం కొన్ని కుటుంబాలు గోదావరి దాటి ఈ అడవి అంచుకు పారిపోయి వచ్చాయి. మగవాళ్లు ముందు గుడిసెలు వేద్దామన్నారు. కొమురవ్వ తల్లి మాత్రం ముందు మంచం అల్లాలంది. పందిరి కూడా లేని చోట, అందరూ వంతులవారీగా ఆ మంచం మీద కూర్చున్నారు. అట్లా పుట్టింది నులకపల్లె.

"మీ అవ్వ గట్టి మనిషి," అంది రమ.

"గట్టిదా? గయ్యాళిది! గయ్యాళిదైతేనే ఊరు పుట్టింది."

రమ రోకళ్ల వైపు నడిచింది. ఇదే అదను. కరుణాకర్ చటుక్కున కొమురవ్వ ముందు వంగి, చేతులు జోడించి గుసగుసలాడాడు. "అవ్వా, నీ బాంచెన్. నువ్వు లేకుంటే నేను..."

"అన్నడు!" కొమురవ్వ కేక పెట్టింది. "బాంచెన్ అన్నడు!"

అరుగు మీద నవ్వులు పేలాయి. "దొరికిండు! మంచమెక్కియ్యి అవ్వా!"

రమ ఉలిక్కిపడి తిరిగింది. "ఏమైంది?"

"నీ బానిసను అనే మాట బిడ్డా అది. దాన్ని గోదావరి అవుతల ఇడిసొచ్చినం. గీడ నోరు జారినోళ్లు మంచమెక్కి కూసొని చాయ్ తాగాలె. మొన్న మా అల్లుడే దొరికిండు. కూసో కొడుకా."

కరుణాకర్ మంచం దగ్గరికి వెళ్లాడు. మోకాళ్లు వంగలేదు. బండి మీద కూర్చోవడం వేరు, అది పని. పనిలేకుండా కూర్చోబోతే చాలు, ఎడారిలో వీపు వెనక వినిపించిన అరుపు ఇప్పటికీ వినిపిస్తుంది.

"నడుం నొప్పి అవ్వా," అన్నాడు.

"గదే నొప్పి!" రమ అందుకుంది. "గల్ఫ్ నుంచి వచ్చినకాడికెల్లి నిలవడే తింటుండు. నా పక్కకు కూసుంటే ఏం పోతదో. అమ్మవారికి గదే మొక్కిన, జర నా పక్కకు కూసోవెట్టు తల్లీ అని."

ఆ గొంతును పోల్చుకున్న కొమురవ్వ అతని వైపు ఒక్కసారి చూసింది. ఇచ్చిన మాట ఆమె తప్పలేదు. రమతో ఇంతే అంది: "మా అవ్వ గూడ గంతే. మంచం అల్లింది తనే, గని ఎక్కనీకి భయపడ్డది. నిలవడే రొట్టె తినేది. మా బాపు గూడ పక్కకు నిలవడి తిన్నడు. ఒకనాడు ఇద్దరు కలిసి కూసున్నరు."

కరుణాకర్ రమ వైపు తిరిగాడు.

"రమా, నేను కారు నడుపలే. ఒంటెలు కాసిన. కూసుంటే తన్నెటోడు. గీ అవ్వ తెచ్చింది నన్ను."

రమ కొమురవ్వ వైపు చూసింది.

"ఫోన్ల నీ మొగడు దెబ్బలు అనలే, ఆకలి అనలే బిడ్డా," అంది కొమురవ్వ మెల్లగా. "నన్ను కూసోనిస్తలేరు అన్నడు. అది మా అవ్వ మాట. నేనెట్ల ఊకుంట?"

రమ ముసలామె రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. తర్వాత వెళ్లి మంచం మీద కూర్చుని, పక్కన చోటు చేసింది. "ఒంటెలైతే ఏంది, మేకలైతే ఏంది? మనిషివి వచ్చినవు గదా! నీ బాంచెన్, కూసోవయ్యా!"

"ఈమె గూడ అన్నది!" అరుగు మీంచి కేకలు. "ఇంకో చాయ్!"

రమ నాలుక కరుచుకుంది. కరుణాకర్‌కు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే మోకాళ్లు వంగాయి. నులక కిర్రుమంది. వెనక నుంచి ఎవరూ అరవలేదు.

కొమురవ్వ రెండు గ్లాసులు తెచ్చింది. రమ భుజం అతని భుజానికి ఆనుకుంది. అడుగు చక్కెర దాకా తాగి కరుణాకర్ గ్లాసు చాపాడు.

"ఇంకింత పొయ్యవ్వా. జర సేపు కూసుంట."