కాశీ కాని ఊళ్లో వదిలేశారు నన్ను

నేను ఒక అడకత్తెరను. ఈ మాట ఇక్కడ ఎవరికీ అర్థం కాదు. నన్ను చేతిలోకి తీసుకున్నవాళ్లంతా అటూ ఇటూ తిప్పి, నోరు తెరిపించి, మూయించి, తోచిన పేరేదో పెట్టి వెళ్లిపోతుంటారు. ఒకాయన తన దవడ పట్టుకుని నవ్వాడు, పళ్లు పీకే పనిముట్టు అనుకున్నాడు కాబోలు. ఇంకొకడు కాలెత్తి గోళ్లు చూపించాడు. వాళ్ల భాష రాకపోయినా ఆమాత్రం తెలియదా నాకు? వక్క అంటే ఏమిటో ఎరగని ఊళ్లో అడకత్తెరగా బతకడం ఎంత ఒంటరితనమో ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి మీకు చెబుతున్నాను.

నా పిడులు అజ్జరం ఇత్తడి. అంచుకి నరసాపురం కమ్మరి సాన పట్టాడు. కొసన చిలక ముక్కు ఉండడంతో చిన్నప్పటి నుంచీ నాకు కాస్త టెక్కు. నన్ను కొన్నది మృత్యుంజయరావు మాస్టారి తల్లి. ఆవిడ తరవాత కోడలు హైమావతమ్మ చేతికి వచ్చాను. మాస్టారు నరసాపురం హైస్కూల్లో చరిత్ర చెప్పేవారు. మధ్యాహ్నం భోజనం కాగానే పడక్కుర్చీలో వాలి చేయి చాచేవారు. అందులో ఆకూ వక్కా పడాలి. నోరు తెరిచి అడగడం ఆయనకి అలవాటు లేదు, అడిగేదాకా ఆగడం ఆవిడకి అలవాటు లేదు. ఇద్దరి మధ్యా నా కటుక్కుమనే చప్పుడొక్కటే వినిపించేది.

వక్క నములుతూ ఆయన పదో తరగతి పాఠాలన్నీ పెళ్లానికి చెప్పేసేవారు. అన్నిటిలోకీ ఇష్టమైన పాఠం కాన్‌స్టాంటినోపుల్ పతనం. నేలమీద వక్కలు వరసగా పేర్చి, "ఇవి కోటగోడలు హైమా, నీ చేతిలోది తురుష్కుల ఫిరంగి" అనేవారు. ఫిరంగి అనిపించుకున్న అడకత్తెర ఈ భూమ్మీద ఇంకొకటి ఉండి ఉండదు. ఆ ఊరు పడిపోబట్టే తెల్లవాళ్లు మన దేశానికి సముద్రం మీద దారి వెతుక్కున్నారని చెప్పి, ఎప్పటికైనా ఆ గోడలు చూడాలని నిట్టూర్చేవారు. ఆవిడ ఊఁ కొడుతూ ఇంకో వక్క నా నోట్లో పెట్టేది. తను మాత్రం ఒక్క పలుకూ వేసుకునేది కాదు. నాకు పడదులెండి అనేది. పడుతుందో లేదో ఏనాడూ తిని చూడలేదని నాకొక్కదానికే తెలుసు.

పేరు మృత్యుంజయరావే గానీ, ఆ పేరు నిలబెట్టుకోవడం ఆయన వల్ల కాలేదు. ఒక వేసవిలో నిద్రలోనే పోయారు. పేరంటాల పిలుపులు ఆగిపోయాయి. తాంబూలాల పళ్లెం హైమావతమ్మ ముందు ఆగడం మానేసింది. కానీ భోజనం కాగానే ఆవిడ చేయి నన్ను వెతుక్కునేది. కూర్చుని వక్కలు కత్తిరించేది. డబ్బాలు నిండాయి, గాజు సీసాలు నిండాయి, తినేవాళ్లు లేరు. ఆ వేళకి ఇంట్లో ఉండాలని పెళ్లిళ్లకి వెళ్లడం మానేసింది. తరవాత గుమ్మం దాటడమే మానేసింది. మనిషి ఆ పడక్కుర్చీ పక్కన అలాగే ఆగిపోయింది. నేను ఆవిడకి తోడుగా ఉన్నాననుకున్నాను గానీ, ఆవిడని పట్టుకుని కూర్చోబెట్టింది నేనేనేమో.

అప్పుడు మాణిక్యం వచ్చింది. మాస్టారి చెల్లెలు, టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, అందుకేనేమో ఇప్పటికీ పక్కనున్నవాళ్లతో కూడా ఫోన్లో అరిచినట్టే మాట్లాడుతుంది.

"మా రిటైరైనవాళ్ల బృందం ఇస్తాంబుల్ వెళ్తోందొదినా. అన్నయ్య చెప్పి చెప్పి పోయిన ఊరు అదే, పేరు మార్చారంతే. మూడ్రోజులు చూసొచ్చేద్దాం పద. నీ పేరూ రాయించేశాను."

హైమావతమ్మ వద్దంది, ఏడ్చింది, చివరికి బయల్దేరింది. పెట్టెలో చీరల మడతల్లో నన్నూ పెట్టుకుంది. ఒక్క వక్క కూడా తెచ్చుకోలేదు. ఉత్త నన్నే తెచ్చుకుంది.

హోటల్ గదిలో నన్ను చూసి మాణిక్యం నెత్తి కొట్టుకుంది. "ఇదెందుకే తల్లీ! కాశీకెళ్తే ఇష్టమైంది ఒకటి వదిలేసొస్తాం కదా. మా అన్నయ్యకి ఇదే కాశీ. దీన్నిక్కడ వదిలేసి రా."

కాశీలో వదలడం సంగతి నా దగ్గరా? మా ఇంటికి తాంబూలానికి వచ్చినవాళ్లలో చాలామంది అక్కడ కాకరకాయ వదిలేసి వచ్చినవాళ్లే. మామిడిపండు వదిలేసిన మహానుభావుణ్ణి నేనింతవరకూ చూడలేదు. అందుకని ధీమాగానే ఉన్నాను. కానీ హైమావతమ్మ కాదనలేదు. నన్ను చేతిసంచిలో వేసుకుంది.

మర్నాడు గోడలు చూశారు. మాస్టారు వక్కలతో కట్టిన గోడలు నిజంగా ఉన్నాయి. సగం కూలి, సందుల్లో గడ్డి మొలిచి. వాటి పక్కనే ఎవరో ఆకుకూరల మళ్లు వేసుకున్నారు. బృందంలోవాళ్లు ఫొటోలు దిగి బస్సెక్కేశారు. హైమావతమ్మ రాతిమీద చేయి ఆనించి, "చూశానండీ" అంది, పక్కన ఎవరో ఉన్నట్టు. నాకు గుండె అంటూ ఉంటే ఆ రోజే పగిలి ఉండేది.

అక్కడే ఒక బల్లమీద నన్ను పెట్టి గబగబా నడిచింది. వెనకనుంచి చదువుకునే పిల్లెవరో పరుగెత్తుకొచ్చి నన్ను ఆవిడ చేతిలో పెట్టి, రొప్పుతూ నవ్వి వెళ్లింది. హైమావతమ్మ నన్ను గుండెలకి హత్తుకుంది. నేను మురిసిపోయాను. మధ్యాహ్నం ట్రాములో సీటు మీద వదిలేసి దిగింది. లోపలున్న జనమంతా కిటికీలు బాది కేకలేశారు. ఉన్ని టోపీ పెద్దాయన ఒకడు దిగి మరీ తెచ్చిచ్చాడు.

"ఈ ఊళ్లో దొంగలే లేరా వదినా!" అంది మాణిక్యం.

సాయంత్రం ఓడలో తిరుగుతుంటే, పోనీ సముద్రంలో పడెయ్యమంది.

"ఊరుకోవే. గంగైతే తల్లి, తీసుకుంటుంది. ఈ నీళ్లకి మనమెవరం?" అంది హైమావతమ్మ. ఇక గండం గడిచినట్టే అనుకున్నాను.

ఆఖరి రోజు సాయంత్రం బాగా చలి. వీధి మలుపులో ఒక ముసలాయన తోపుడుబండి మీద బొగ్గులు రాజేసి కాయలు కాలుస్తున్నాడు. నల్లటి తొక్క, చూడ్డానికి పనసపిక్కల్లా ఉన్నాయి. కాల్చే ముందు ఒక్కో కాయకీ చిన్న చాకుతో గాటు పెడుతున్నాడు. చాకు జారి తెగినట్టుంది, బొటనవేలికి గుడ్డ చుట్టుకున్నాడు. హైమావతమ్మ నిలబడిపోయి ఆ వేలివైపే చూసింది. తరవాత సంచిలోంచి నన్ను తీసింది.

"బాబూ, ఇలా ఇవ్వు" అని ఒక కాయ తీసి నా నోట్లో పెట్టి, పూర్తిగా తెగకుండా, తొక్క చిట్లేంత మాత్రం నొక్కింది. కటుక్. మాస్టారు పోయాక మొదటిసారి నా చప్పుడు విని ఒక మనిషి నవ్వాడు. ముసలాయన నన్ను తీసుకుని తనూ ఒక కాయ పెట్టి చూశాడు. పిడి పట్టుకోవడం కూడా రాలేదు. ఆవిడ అతని వేళ్లు సరిచేసి, పిడిమీద మూసి, "ఉంచుకో" అంది. అతను ఏదో అన్నాడు. ఆవిడ తలూపింది. ఒకరి మాట ఒకరికి తెలియదు, బేరం మాత్రం కుదిరిపోయింది.

అతను ఆ మొదటి కాయనే కాల్చి, ఊది, ఆవిడ చేతిలో పెట్టాడు. నేను గాటు పెట్టిన కాయ. హైమావతమ్మ వీధిలో నిలబడి, తొక్క ఒలిచి నోట్లో వేసుకుంది. ఇన్నేళ్లలో నేను కత్తిరించినది ఆవిడ తినడం అదే మొదలు. నెమ్మదిగా నమిలింది. కళ్లు తుడుచుకోలేదు.

"బావుందే మాణిక్యం, తిను" అంది.

వదిలేసిన దాన్ని వెనక్కి తిరిగి చూడకూడదు. ఆవిడ చూడలేదు. వదిలెయ్యి వదిలెయ్యి అని ప్రాణం తీసిన మాణిక్యమే పది అడుగులు వేసి వెనక్కి పరుగెత్తుకొచ్చింది. నేను వాళ్లమ్మ కొన్న వస్తువుని కదా. ముసలాయన నన్ను తిరిగి ఇవ్వబోయాడు. మాణిక్యం నా చిలక ముక్కుని వేలితో ఒకసారి తాకి, వద్దని చేయి ఊపి, కొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు బండి కొక్కేనికి వేలాడుతున్నాను. ముసలాయన మంచివాడే. కానీ అలవాటైన చాకునే వాడతాడు, నన్ను వచ్చేపోయేవాళ్లకి చూపించుకుంటాడు. నా అంచు మొద్దుబారింది. ఇక్కడికంటే మన ఊరు రెండున్నర గంటలు ముందని మాణిక్యం అనగా విన్నాను. అంటే ఇక్కడ పొద్దున బొగ్గులు రాజేసే వేళకి అక్కడ మధ్యాహ్నం భోజనాలు అయిపోతాయి. ఆ వేళకి రోజూ నరసాపురం గుర్తొస్తుంది. హైమావతమ్మ తిని చేయి కడుక్కుని ఉంటుంది. తరవాత? వీధి తలుపు తాళం వేసి, ఎక్కడికో ఒక చోటికి బయల్దేరి ఉండాలని దణ్ణం పెట్టుకుంటాను. నన్ను వదిలింది అందుకే కదా. కానీ చెప్పులేసుకునే ముందు, ఒక్కసారైనా, ఆ చేయి నాకోసం తడుముకుని ఉంటే బాగుండునని కూడా అనిపిస్తుంది.