పేజర్ మోగకపోతే

మా బావకు కంప్యూటరు మీద ఉన్న నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. నాకేమో ముక్కు మీద కోపం. మా ఇద్దరి మధ్యా పడి నలిగింది మంచంలో ఉన్న మా అక్క.

అక్కకు ఊపిరితిత్తులు పాడై, ఇంట్లోనే ఆక్సిజన్ మెషిను పెట్టాల్సి వచ్చింది. కరెంటుతో నడిచే ఆ మెషిను మంచం పక్కన రోజంతా గురగురమంటూ ఉండేది. దాని ట్యూబు ముక్కుకు లేకపోతే అక్క గుమ్మం దాకా కూడా నడవలేదు. అవసరానికి ఉంటుందని ఒక సిలిండరు తెచ్చి మూలన నిలబెట్టారు గానీ, దాని వాల్వు తిప్పాలంటే గట్టి చెయ్యి కావాలి.

బావ నూలు మిల్లులో మెషిన్లకు మరమ్మతులు చేస్తాడు. సెలవులన్నీ అయిపోయి, ఇక పనిలోకి వెళ్లక తప్పదన్నప్పుడు హాల్లో కంప్యూటరు ముందు కూర్చుని తల బద్దలు కొట్టుకున్నాడు. పాత కాలింగ్ బెల్లు బటన్ పీకి, పొడవాటి వైరుతో కంప్యూటరుకు కలిపి, అక్క దిండు పక్కన పెట్టాడు. అది నొక్కితే కంప్యూటరే ఫోన్ చేసి బావ నడుముకున్న పేజర్‌కు అంకె పంపుతుంది. ఏది ఎప్పుడు పంపాలో దానికి ముందే రాసిపెట్టి ఉంచుతారు, దాన్నే స్క్రిప్టు అంటారట.

ఒకసారి నొక్కితే ఒకటి. వెంటనే రమ్మని. రెండుసార్లు నొక్కితే రెండు. దానికి అర్థం ఏం పెడదామని బావ అడిగితే అక్క నవ్వి, “ఊరికే అని పెట్టండి,” అంది. ఇక పొద్దున కంప్యూటరు వెయ్యగానే దానంతటదే సున్నా పంపేది. అంతా బాగుందని. బావ గుమ్మంలో నిలబడి ఆ సున్నా చూసుకున్నాకే చెప్పులు వేసుకునేవాడు.

“అది పాడైతే ఏంటి బావా?” అన్నాను.

“నీకు కుట్టుమిషన్ తప్ప ఏం తెలుసు మరదలా? పేజర్ మోగలేదంటే ఇల్లు చల్లగా ఉన్నట్టే. నిశ్చింతగా ఉండు.”

“మనిషిని పెట్టుకో అంటే వినవు కదా!”

“నువ్వూరుకోవే,” అంది అక్క. “పెళ్లయిన ఇన్నేళ్లకు పిలిస్తే పలికే మొగుడు దొరికాడు.”

నిజంగానే అక్క ఆ బటన్‌తో బావను ఆటపట్టించేది. మిల్లులో ఆయన నడుము దగ్గర రెండు మోగినప్పుడల్లా తోటివాళ్లు ఈల వేసేవారట. అన్ని నెలల్లో అక్క ముఖంలో నేను చూసిన కాస్త వెలుగు అదే. అందుకే నేనూ నోరు మూసుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం ఎప్పటిలాగే వెళ్లి అక్కకు అన్నం పెట్టి, నా కుట్టు దుకాణానికి తిరిగొచ్చాను. తర్వాత కాసేపటికి వాళ్ల వీధిలో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. మా దుకాణం వైపు కరెంటు ఉంది కాబట్టి నాకు తెలియలేదు. మెషిను ఆగిపోయి, లోపలున్న చిన్న బ్యాటరీతో ప్రమాదమని కాసేపు కీచుమని మొత్తుకునే ఉంటుంది. పక్కింటివాళ్లు ఊళ్లో లేరు. మెషినుతోపాటే హాల్లో కంప్యూటరూ ఆగిపోయింది. చచ్చిన కంప్యూటరు ఎవరికి ఫోన్ చేస్తుంది? ఇంత చిన్న సంగతి అంత తెలివైనవాడికి తట్టలేదు.

మిల్లులో టీ తాగుతూ బావ, “మా ఆవిడ ఇవాళ హాయిగా నిద్రపోతున్నట్టుంది, ఒక్కసారీ పిలవలేదు,” అన్నాడట. సాయంత్రం కరెంటు వచ్చింది. కంప్యూటరు లేచి, చెప్పినట్టే సున్నా పంపింది. అది చూసుకుని బావ దారిలో ద్రాక్షపళ్లు కొని, తీరిగ్గా నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు.

నేను వెళ్లేసరికి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. మెషిను గురగురమంటూనే ఉంది. అక్క ఒళ్లు చల్లబడిపోయింది. బటన్ ఇంకా పిడికిట్లోనే ఉంది, దాని అంచు బొటనవేలి మీద అచ్చు పడింది. బావ పేజర్ నా ముందుకు చాపాడు.

“చూడు, సున్నా వచ్చింది,” అన్నాడు.

ఆ పేజర్‌ను గోడకేసి కొట్టాలనిపించింది. ఆయన్నీ కొట్టాలనిపించింది.

వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. మెషినూ సిలిండరూ ఇచ్చినవాళ్లు తీసుకుపోయారు. ఒక సాయంత్రం వెళ్లేసరికి కంప్యూటరు పక్కన కొత్త బ్యాటరీ కనిపించింది.

“ఇప్పుడు కరెంటు పోయినా ఇది ఆగదు,” అన్నాడు బావ. “గంటగంటకూ సున్నా పంపిస్తుంది. రాలేదంటే ఏదో అయిందని పరుగెత్తుకు రావొచ్చు.”

నేను ఒంటికాలి మీద లేచాను. “ఎవరి కోసం బావా? ఇంట్లో ఎవరున్నారని?”

“తప్పు దొరికింది కదా,” అన్నాడు మెల్లగా. “దొరికాక కూడా సరిచెయ్యకపోతే ఎలా? ఒక్కసారి నువ్వు నొక్కు. నేను వీధి చివర నిలబడతాను.”

మెయిన్ స్విచ్ ఆపేసి వెళ్లాడు. ఇల్లు చీకటైంది. హాల్లో కంప్యూటరు మాత్రం వెలుగుతోంది. మంచం మీద కూర్చుని, తిట్టుకుంటూనే, బటన్ ఒకసారి నొక్కాను.

కాసేపటికి వీధిలో చెప్పుల చప్పుడు. నడక కాదు, పరుగు. గుమ్మంలో చెప్పులు కూడా విప్పకుండా లోపలికి దూసుకొచ్చి, నన్ను దాటుకుని, సిలిండరు ఉండే మూలకు రెండు చేతులూ చాచాడు. అక్కడేమీ లేదు. రొప్పుతూ వెనక్కి తిరిగి దిండు వైపు చూశాడు.

“వచ్చేశాను,” అన్నాడు.