తెంపని పుంటికూర

ఖతర్‌లో గోడ కట్టి గేటు పెట్టిన ప్రతి ఇల్లూ విల్లాయే. ఉమ్ సలాల్ ఊళ్ళో హబీబున్నీసా వంటచేసే ఇల్లూ అంతే. అసలు విల్లా అంటే ఏమిటో ఆమె పోయిన వేసవిలో చూసింది. ఇటలీలో ఒక చిన్న కొండ ఊరు; ఊరంతా రాతిమెట్లే. దాని నెత్తిన, ఐదువందల ఏళ్ళ కిందట ఎవరో చర్చి పెద్ద కట్టించుకున్న భవంతి. సెలవులకని మేడమ్ కుటుంబం దాన్ని అద్దెకు తీసుకుంది. గదుల కప్పుల నిండా బొమ్మలు, అంతస్తులుగా దిగే తోట, మట్టి కుండీల్లో నిమ్మచెట్లు.

హబీబున్నీసా మనసు మాత్రం అక్కడి వంటింట్లోనే ఉండిపోయింది. ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉండే ముసలామె అసుంతా మొదటిరోజే కుర్చీ జరిపి, కూచోమని దానిమీద తట్టింది. ఇన్నేళ్ళ గల్ఫ్ కొలువులో ఆమెను వంటింట్లో కూచోమన్నవాళ్ళు లేరు. మాటలు కలవని ఇద్దరూ పొద్దంతా చిక్కుళ్ళు ఒలిచారు. తిరిగొచ్చే ముందు హబీబున్నీసా, జగిత్యాల నుంచి తెచ్చుకున్న పుంటికూర గింజలు ఒక కుండీలో చల్లింది. నీళ్ళు పోస్తానని అసుంతా గుండెమీద చెయ్యి వేసుకుంది.

మళ్ళీ వేసవి వచ్చింది. కూరగాయలకు పోతుంటే, గుంటూరు నుంచి వచ్చిన డ్రైవర్ జానీ కబురు చెప్పాడు.

"ఆపా, ఈ ఏడు ఇటలీ మాఫీ. లండనంట. పిల్లలు పట్టుబట్టారు."

"నిజంగనేనా? మరి నా పుంటికూర?"

"గోంగూర అనరాదూ! దానికోసం నిన్ను విమానం ఎక్కిస్తారా ఏంటి?"

"మీ గుంటూరోళ్ళు పేరు మార్చినంత మాత్రాన కూర మారుతదా? ఊకో తమ్మీ."

నవ్వలేక కిటికీవైపు తిరిగింది.

సాయంత్రం గహ్వా కాఫీ పోస్తూ, అసుంతా బాగుందా అని మేడమ్‌ను అడిగింది. మేడమ్ ఫోన్ తీసి, అసుంతా పంపిన ఫొటోలు చూపించింది. పోయినేడు తీసినదాంట్లో, నిమ్మకుండీల వరసలో మనిషెత్తు పుంటికూర. ఒక్క ఆకూ తుంచలేదు. ఒళ్ళంతా లేతపసుపు పూలు, ప్రతి పువ్వు నడుమా ఎర్రటి కన్ను. పెళ్ళికూతురి పక్కన తల్లిలా అసుంతా నిలబడి ఉంది. ఇంకో ఫొటోలో, ఆ మొక్క గింజలతోనే ఈమధ్య మొలిపించిన కొత్త కుండీలు.

"పూలమొక్క అనుకుంటోంది పాపం," అని మేడమ్ నవ్వింది. "ఏమైనా చెబుతావా?" రికార్డు నొక్కి ఫోన్ అందించింది.

"అసుంతమ్మా, అది కూర. లేతగున్నప్పుడే తెంపి..."

హబీబున్నీసా ఆగింది. తెంపితే పూలుండవు. పూలు లేకపోతే గింజలుండవు. ఎప్పుడైనా మళ్ళీ ఆ మెట్లెక్కి పోతే ఏముంటుంది?

"వద్దు, తెంపకు. నేనొచ్చేదాంక అట్లనే ఉండనియ్యి. ఇద్దరం కూసోని తెంపుదాం."

అసుంతాకు ఇందులో ఒక్క ముక్కా అర్థం కాదు. హబీబున్నీసా ఫోన్ తిరిగిచ్చి, నిలబడే ఇంకో కప్పు నింపింది.